31 ఏళ్ల షాపు అప్పగిస్తున్నాను. ఆ తర్వాత రోజులు ఎలా గడుస్తాయి?

పటమట_పార్ట్స్ | 2025 ఫిబ్రవరి 9

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో నాకు లారీ స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. 1994లో పెట్టాను. బేరింగులు, క్లచ్ ప్లేట్లు, ఫిల్టర్లు, హబ్ సామాను. ఇప్పుడు నాకు 61. అమ్మాయి పుణెలో ఉంటుంది, అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఇద్దరికీ షాపు మీద మనసు లేదు. బలవంతం చేయలేదు, తప్పూ పట్టను.

గుడివాడ వైపు వాళ్లు తీసుకుంటున్నారు. కుర్రాడు ఇదే లైన్లో ఆరేళ్లు పనిచేశాడు, సరుకు తెలుసు. స్టాకు లెక్కపెట్టి కొన్న ధరకే, సుమారు 62 లక్షలు. షాపు పేరుకు, ఉన్న గిరాకీకి కట్టే గుడ్‌విల్ 25 లక్షలు. షాపు గది నాదే, దానికి నెలకు 40 వేలు అద్దె. అప్పగింత రోజున 60 లక్షలు ఇస్తారు, మిగతాది ఆరు వాయిదాల్లో. ఉగాది వెళ్లాక ఏప్రిల్ 2న తాళాలు ఇచ్చేస్తాను.

డబ్బు సంగతి కొంత ఆలోచించుకున్నాను. నాకు అంతుపట్టనిది రోజు. ఇన్నేళ్లూ ఉదయం పావు తక్కువ తొమ్మిదికి షట్టర్ ఎత్తాను. ఎవరికి చెప్పినా "హాయిగా రెస్ట్ తీసుకోండి" అంటున్నారు. పొద్దున్నుంచి రాత్రి దాకా రెస్ట్ ఎలా తీసుకుంటారో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. మా ఆవిడ అవుననదు, కాదనదు. అది ఇంకా టెన్షన్‌గా ఉంది. వ్యాపారం అమ్మేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి మీ అనుభవం చెప్పండి.

లెక్కల_పద్దు | ఫిబ్రవరి 9

గుంటూరులో ఆడిటర్‌ని. మీ అసలు ప్రశ్నకు అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. నేను ముందు ఒకటి అడుగుతాను. బ్యాంకులో సీసీ లిమిట్ (వ్యాపారానికి కావాల్సినప్పుడు వాడుకునే క్యాష్ క్రెడిట్ అప్పు) ఉందా? దానికి ఇల్లు తనఖా పెట్టారా?

ఎందుకు అడుగుతున్నానంటే, నా దగ్గరకు వచ్చిన ఒకాయన ఏజెన్సీ అమ్మేశారు కానీ సీసీ ఖాతాను, వ్యక్తిగత గ్యారంటీని అలాగే వదిలేశారు. "కొత్త పార్ట్‌నర్ నడుపుకుంటాడు, తర్వాత మార్చుకుందాం" అనుకున్నారు. రెండేళ్లకు లిమిట్ మొత్తం వాడేసి ఖాతా మొండిబాకీ అయింది. నోటీసు ఈయన ఇంటికి వచ్చింది, ఇంటి కాగితాలు బ్యాంకులోనే ఉన్నాయి. అందుకే సీసీ పూర్తిగా కట్టేసి, గ్యారంటీ నుంచి విడుదల చేసినట్టు కాగితం తీసుకుని, ఇంటి దస్తావేజులు చేతికొచ్చాకే తాళాలు ఇవ్వండి. ఆ తర్వాత ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాలు చూపే సర్టిఫికెట్) తీయించి తనఖా విడుదల నమోదైందో లేదో చూసుకోండి.

పన్ను విషయం. స్టాకుకు, గుడ్‌విల్‌కు విడివిడిగా ధర కట్టారు కాబట్టి మీది స్లంప్ సేల్ (వ్యాపారం మొత్తాన్ని ఒకే గుండుగుత్త ధరకు అమ్మడం) కిందికి రాదు. స్టాకు మీద లాభం ఉంటే అది వ్యాపార ఆదాయం. గుడ్‌విల్ మీరు సొంతంగా సంపాదించుకున్నది, దానికి కొనుగోలు ధర సున్నా. అంటే 25 లక్షలూ దీర్ఘకాల మూలధన లాభమే. 12.5 శాతం, పైన సెస్. ఆ పన్ను సొమ్మును డబ్బు వచ్చిన రోజే వేరే ఖాతాలో వేసేయండి, అది మీది కాదనుకోండి. ఏప్రిల్‌లో ఇవ్వడం మంచిదైంది. మార్చి ఆఖర్లో ఇచ్చి ఉంటే ఈ సంవత్సరం లెక్కలోకే వచ్చి, అడ్వాన్స్ ట్యాక్స్‌కు పరుగులు పెట్టాల్సి వచ్చేది.

జీఎస్టీ: స్టాకుకు మామూలుగానే బిల్లు వేయండి, ఆ పన్నుకు వాళ్లు క్రెడిట్ తీసుకుంటారు. రిజిస్ట్రేషన్ రద్దయిన మూడు నెలల్లోపు జీఎస్టీఆర్ 10 అనే చివరి రిటర్ను వేయాలి, చాలామంది దీన్ని మర్చిపోతారు. మీ అద్దె మీద జీఎస్టీ మీరు కట్టనక్కర్లేదు. మీకు రిజిస్ట్రేషన్ లేకపోతే, రిజిస్ట్రేషన్ ఉన్న అద్దెదారే రివర్స్ ఛార్జ్‌లో కట్టాలి. 2024 అక్టోబరు 10 నుంచి ఇదే పద్ధతి. ఈ మాట వాళ్లకు ముందే చెప్పండి, తర్వాత గొడవ ఉండదు.

వాయిదాలకు ఆయా తేదీలు వేసిన చెక్కులు ఇప్పుడే తీసుకోండి. మంచివాళ్లే అయినా సరే.

గోదారిగట్టు | ఫిబ్రవరి 10

రాజమండ్రి నుంచి. మందుల ఏజెన్సీ నడిపి నాలుగేళ్ల క్రితం అమ్మేశాను. మీరు రాసింది చదువుతుంటే అప్పటి నన్ను చూసుకున్నట్టు ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మొదటి మూడు వారాలు బాగుంటాయి. తిరుపతి వెళ్లొచ్చాం, చుట్టాల ఇళ్లకు వెళ్లాం, మధ్యాహ్నం నిద్రపోయాను. నాలుగో సోమవారం వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో కూర్చున్నాను. ఫోను టీపాయ్ మీద ఉంది. ఏజెన్సీ ఉన్నప్పుడు రోజుకు 80 కాల్స్ వచ్చేవి, అన్నం తింటుంటే కూడా మోగేది, విసుక్కునేవాణ్ని. ఆ రోజు సాయంత్రం దాకా రెండే వచ్చాయి, రెండూ క్రెడిట్ కార్డు తీసుకోమని. మనల్ని ఎవరూ అడగని రోజు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. డబ్బు లెక్క వేసుకున్నాను గానీ దీని లెక్క వేసుకోలేదు.

తర్వాత నేను చేసిన తప్పు: మళ్లీ ఆ వీధికే వెళ్లడం మొదలుపెట్టాను. టీ తాగే నెపంతో ఏజెన్సీ ఎదురు కొట్లో కూర్చునేవాణ్ని. పాత కుర్రాళ్లు వచ్చి "సార్, ఈ కంపెనీ స్కీము ఏంటి?" అని అడిగేవాళ్లు. నాకు ప్రాణం లేచొచ్చేది. కొత్తాయన ఒకరోజు ఎంతో మర్యాదగా "మీరు ఎదురుగా ఉంటే వీళ్లు నా మాట వినడం లేదండీ" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి నెల బీపీ బయటపడింది.

ఇప్పుడు మా ఊళ్లో ఒక ధర్మాసుపత్రి మందుల గదిలో రోజూ పది నుంచి పన్నెండున్నర వరకు కూర్చుంటాను. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి ముందుకు, కొత్తవి వెనక్కి. నేను వెళ్లేనాటికి అట్టపెట్టెల్లో కాలం చెల్లిన యాంటీబయాటిక్స్ కట్టలు కట్టలుగా ఉన్నాయి. జీతం లేదు. కానీ నేను రాకపోతే "ఇవాళ రాలేదేం?" అని అడిగే మనుషులు ఉన్నారు.

నా సలహా ఒక్కటే: తాళాలు ఇవ్వకముందే, పొద్దున వెళ్లడానికి ఒక చోటు చూసుకోండి. షాపు గది మీదే కాబట్టి మీకు ఇంకా కష్టం. అద్దె బ్యాంకులో పడేలా పెట్టుకోండి, వసూలుకు వెళ్లొద్దు.

తెనాలి_వరలక్ష్మి | ఫిబ్రవరి 10

అన్నయ్యగారూ, మీ ఇంటావిడ ఎందుకు మాట్లాడడం లేదో నేను చెప్పగలనేమో.

మావారు నూలు మిల్లులో వాటా అమ్మేసి ఇంటికొచ్చారు. రెండో వారం నుంచి వంటింట్లో డబ్బాల మీద తేదీలు రాయడం, నూనె ఇంత ఎందుకు అవుతోందని అడగడం, పనమ్మాయి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే గుమ్మంలో నిలబడడం. ఆయన చెడ్డవారు కాదు. ఆయనకు తెలిసిన పని అది, చేయడానికి మనుషులు లేరు. కానీ ముప్పై ఏళ్లుగా ఈ ఇల్లు నేను నడుపుతున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నాది అనుకునే సమయం ఒకటుండేది. పక్కింటి పిన్నిగారితో మాట్లాడుకోవడమో, లలిత చదువుకోవడమో. అది పోయింది. ఎవరికి చెప్పుకోను? "భర్త ఇంట్లో ఉంటే బాధేంటి?" అంటారు.

ఆర్నెల్లు మనసులో పెట్టుకుని ఒకరోజు అరిచేశాను. ముందే అడిగి ఉంటే ఆ రోజు వచ్చేది కాదు. మీరు అడగండి. "నేను ఇంట్లో ఉంటే నీకు ఏం ఇబ్బంది?" అని సూటిగా అడగండి, జవాబు వచ్చేదాకా కూర్చోండి.

డాలస్_బంకు | ఫిబ్రవరి 11

ఇక్కడ టెక్సాస్‌లో గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని చిన్న స్టోరు నడిపాను. నాకు 62 ఏళ్లప్పుడు అమ్మేశాను. రెండు ముక్కలు.

కొన్నవాళ్లకు ఎన్ని రోజులు పని నేర్పాలో కాగితం మీద ఉండాలి. నాది రెండు వారాలని రాసుకున్నాం. రాయకపోతే అది ఏడాది సాగుతుంది, మీరూ కాదనలేరు. పోటీ పెట్టకూడదనే షరతు కూడా చూసుకోండి, ఎన్నేళ్లు, ఎంత దూరం అన్నది.

రెండోది ఆరోగ్య బీమా. ఇక్కడ పెద్దవాళ్లకు ఇచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్ 65 ఏళ్లకు గానీ రాదు. ఆ మూడేళ్లూ సొంతంగా కొనుక్కోవాల్సి వచ్చింది. అమ్మకం ధర మాట్లాడేటప్పుడు ఈ ఖర్చు నా లెక్కలో లేదు. షాపు పేరు మీద ఏదైనా పాలసీ ఉంటే అప్పగింతతో పోతుందేమో చూసుకోండి, కొత్తది ముందే తీసుకోండి. మన దేశంలో కూడా ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు.

లెక్కల_పద్దు | ఫిబ్రవరి 11

పోటీ షరతు గురించి: మన కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 27 ప్రకారం ఒకరిని వ్యాపారం చేసుకోవద్దనే ఒప్పందం మామూలుగా చెల్లదు. కానీ గుడ్‌విల్ అమ్మినప్పుడు మాత్రం మినహాయింపు ఉంది. సమంజసమైన హద్దుల్లో, ఫలానా ప్రాంతంలో అదే వ్యాపారం పెట్టనని రాసిస్తే చెల్లుతుంది. మీరు 25 లక్షలు తీసుకుంటున్నది గుడ్‌విల్‌కే కాబట్టి ఆ సంతకం తేలిక కాదు. "స్పేర్ పార్ట్స్" అని రాస్తారా, "ఆటోమొబైల్‌కు సంబంధించిన ఏ పనైనా" అని రాస్తారా చూడండి. రెండోది రాస్తే రేపు మీరు ఎవరికైనా సలహా చెప్పినా అడ్డు వస్తుంది.

కూకట్‌పల్లి_కుట్టు | ఫిబ్రవరి 12

గోదారిగట్టు అన్నా, మీ మాటలు మనసుకు తాకినయి. కానీ "ముందే చోటు చూసుకోండి" అన్న దగ్గర నాది వేరే అనుభవం.

నాకు 46. బొటిక్ ఉండె, పన్నెండు మిషన్లు. మంచి రేటుకు అమ్మిన. ఖాళీ అంటే భయమై నాలుగు నెలల్లోనే ఇంకొకరితో కలిసి కేఫ్ పెట్టిన. ఏడాదిన్నరలో మూసేసినం. కేఫ్ నాకు కావాలని కాదు, పొద్దున లేచి పోనీకి ఒక చోటు కావాలని పెట్టిన. అది చాలా ఖర్చైన చోటు. అందుకే చెప్తున్న: చిన్న పని పెట్టుకోండి, పెట్టుబడి పని మాత్రం ఏడాది దాకా వద్దు.

ఇంకోటి. డబ్బు వచ్చిందని తెలిసిన వారం నుంచే మనుషులు వస్తరు. ప్లాట్లు, చిట్టీలు, చేబదులు. దగ్గరి బంధువుకు 8 లక్షలు చేబదులు ఇచ్చిన, కాగితం లేదు. మూడేళ్లయింది. డబ్బుకన్నా ఆ ఇంటికి రాకపోకలు పోయినందుకు ఎక్కువ బాధ. డబ్బు మొత్తం ఎఫ్‌డీల్లో వేసేయండి, అప్పుడు "కట్టేసిన, ఏడాది దాకా రాదు" అని చెప్పొచ్చు. అబద్ధం కాదు కాబట్టి నోరు తడబడదు.

గోదారిగట్టు | ఫిబ్రవరి 12

అమ్మా, మీరు చెప్పింది సరైనదే. నేను చెప్పిన చోటు అంటే డబ్బు పెట్టే చోటు కాదు. ఆ తేడా నేను రాయాల్సింది.

పటమట_పార్ట్స్ | ఫిబ్రవరి 16

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఒక్కొక్కటీ చెబుతాను.

సీసీ ఉంది, 30 లక్షల లిమిట్. ఇల్లే తనఖా. లెక్కల_పద్దు గారు అడగకపోతే నిజంగా "తర్వాత చూద్దాం" అనే వదిలేసేవాణ్ని. మేనేజరుతో మాట్లాడాను.

వరలక్ష్మమ్మా, అడిగాను. రాత్రి భోజనాలయ్యాక అడిగితే చాలాసేపు పళ్లెం కడుగుతూనే ఉంది. తర్వాత అంది, "మీకు కోపం వస్తే షాపులో దిగిపోయేది. ఇప్పుడు ఎక్కడ దిగుతుంది?" అని. నేను ఇంట్లో గట్టిగా మాట్లాడినవాణ్ని కాదు. కాకపోతే ఎందుకు మాట్లాడలేదో నాకు తెలియదు, ఆమెకు తెలుసు. ఆ మాట ఇంకా నాతోనే ఉంది.

ఇంకో ప్రశ్న. నా దగ్గర ముగ్గురు పనిచేస్తున్నారు. పెద్దాయన 22 ఏళ్లుగా ఉన్నాడు, జీతం 24 వేలు. వీళ్లకు ఏమివ్వాలి?

లెక్కల_పద్దు | ఫిబ్రవరి 16

గ్రాట్యుటీ (ఏళ్ల సర్వీసుకు చివర్లో ఇచ్చే మొత్తం) నిబంధన పది మంది, ఆపైన ఉన్న చోటే వర్తిస్తుంది. ముగ్గురే కాబట్టి మీ మీద చట్టపరంగా బలవంతం లేదు. కానీ ఇవ్వాలనుకుంటే ఆ లెక్కే న్యాయమైన కొలత. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఏళ్లతో హెచ్చవేయండి. 24,000కు, 22 ఏళ్లకు 3,04,615 రూపాయలు వస్తుంది. కొత్తవాళ్ల దగ్గర కొనసాగినా పాత సర్వీసు లెక్క మీరు తేల్చేసినట్టు కాగితం రాసుకోండి.

పటమట_పార్ట్స్ | ఫిబ్రవరి 18

3 లక్షల 5 వేలు ఇస్తున్నాను. చెప్పినప్పుడు డబ్బు గురించి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. "కొత్త ఓనరు ఆదివారం సెలవు ఇస్తాడా?" అని అడిగాడు. ఒప్పందంలో అది కూడా రాయించాను.

పోస్టాఫీసు_సూరి | ఫిబ్రవరి 20

డబ్బు విషయంలో చిన్న మాట. మీకు 60 దాటింది కాబట్టి సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా వేయవచ్చు. ఇప్పుడు 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది, అయిదేళ్లు. నెలనెలా కావాలంటే మంత్లీ ఇన్‌కమ్ స్కీము ఉంది, ఇద్దరి పేరు మీద 15 లక్షల దాకా. మిగతా ఎఫ్‌డీలు ఒకే బ్యాంకులో వద్దు. డిపాజిట్ బీమా ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షలకే. నామినీ పేర్లు ఇప్పుడే రాయించండి.

పటమట_పార్ట్స్ | మే 11

నలభై రోజులైంది. చెప్పాల్సింది చాలా ఉంది.

స్టాకు లెక్కకు నాలుగు రోజులు పట్టింది. మూడో రోజు అటక మీద నుంచి 1998 నాటి పెట్టె ఒకటి దిగింది. నూనె కాగితంలో చుట్టిన బేరింగులు, ఇప్పుడు ఆ లారీలే లేవు. కుర్రాడు లెక్కలోంచి తీసేద్దామన్నాడు. సరే అన్నాను. ఆ పెట్టె ఇంటికి తెచ్చుకున్నాను. దానికి ధర లేదు, నాకు తెలుసు.

సీసీ ముగిసింది. ఇంటి కాగితాలు ముందే చేతికొచ్చాయి, ఏప్రిల్ 2న తాళాలు ఇచ్చాను. ఇప్పటికీ బయటకు వెళ్లేటప్పుడు కుడి జేబు తడుముకుంటాను. షట్టర్ తాళాల గుత్తి అక్కడే ఉండేది, ఆ బరువుకు ప్యాంటు జేబులు చిరిగేవి.

గోదారిగట్టు గారు చెప్పిన నాలుగో సోమవారం నాకు రెండో వారంలోనే వచ్చింది. ఆయన చెప్పి ఉండడం వల్ల ఇది నాకే ఏదో అయిపోతోందని భయపడలేదు. అదొక్కటే చాలా మేలు చేసింది.

ఒక పని మాత్రం దొరికింది. బాకీ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది, 9 లక్షల చిల్లర. కొన్నవాళ్లు తీసుకోలేదు. మంగళ, గురువారాలు స్కూటర్ మీద గన్నవరం, నూజివీడు, మైలవరం వెళుతున్నాను. కొందరు ఇస్తున్నారు, కొందరు రేపు రమ్మంటున్నారు. మూడేళ్లు దాటితే కోర్టుకు వెళ్లినా నిలవదని తెలుసు, అందుకే ఇవ్వలేనివాళ్ల దగ్గర బాకీ ఒప్పుకున్నట్టు సంతకం, తేదీ తీసుకుంటున్నాను. మైలవరం దగ్గర ఒక ఇంటికి వెళితే లారీ యజమాని పోయి ఎనిమిది నెలలైందన్నారు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. 14,200 బాకీ. పుస్తకం సంచిలోంచి తీయలేదు. బయటికొచ్చి చెట్టు కింద ఆ పేజీ కొట్టేశాను.

తెనాలి_వరలక్ష్మి | మే 11

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు?

పటమట_పార్ట్స్ | మే 12

ఆ రెండు గంటలు నేను గ్రంథాలయంలో ఉంటున్నానమ్మా. మే ఎండలో వెళుతున్నందుకు ఆవిడే గొడుగు ఇచ్చి పంపుతోంది.

పటమట_పార్ట్స్ | అక్టోబరు 5

దసరా అయింది. ఆయుధ పూజకు కొత్త కుర్రాడు ఇంటికొచ్చి మరీ పిలిచాడు. ఏప్రిల్ నుంచి ఆ వీధికి వెళ్లలేదు. అద్దె బ్యాంకులోనే పడుతోంది. నాలుగో వాయిదా పన్నెండు రోజులు ఆలస్యమైంది, చెక్కు ఉంది కాబట్టి ఫోన్ చేయకుండా ఆగగలిగాను.

వెళ్లాలా వద్దా అని ఉదయం దాకా తేల్చుకోలేదు. మా ఆవిడ వెళ్దాం పదమంది. కొట్టు మారింది, ర్యాకులు తెల్లరంగు వేశారు, కంప్యూటర్ బిల్లింగ్. గుమ్మడికాయ కొట్టమని కుర్రాడు నా చేతికిచ్చాడు. వద్దన్నాను, షాపు నీది నువ్వే కొట్టు అన్నాను. పెద్దాయన పక్కన నిలబడి కొట్టించాడు. ప్రసాదం తీసుకుని పావుగంటలో వచ్చేశాం. ఇంటికొచ్చాక కళ్లు తడిశాయి, దాచుకోలేదు.

చెప్పాలనుకున్నది ఇంకొకటి. ఆగస్టు నుంచి ఒక ఐటీఐలో వారానికి రెండు ఉదయాలు వెళుతున్నాను. డీజిల్ మెకానిక్ పిల్లలు. గ్రంథాలయంలో పరిచయమైన మాస్టారు ఒకాయన పిలిచారు. సంతకం పెట్టిన షరతులో "స్పేర్ పార్ట్స్ అమ్మకం" అని మాత్రమే ఉంది కాబట్టి అడ్డు లేదు, లెక్కల_పద్దు గారికి మళ్లీ నమస్కారం.

మొదటి రోజు ఏం చెప్పాలో తెలియక అటక పెట్టెలోంచి 6205 నంబరు బేరింగు ఒకటి తీసుకెళ్లాను. చివరి రెండంకెలు 05, దాన్ని అయిదుతో హెచ్చవేయండి, 25. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలవమన్నాను. సరిపోయింది. 6206 ఎంత అని అడిగితే వెనక బెంచీ పిల్లాడు "ముప్ఫై" అని అరిచాడు. ఒక గంట అదే ఆట. తర్వాత కళ్లు మూసుకుని వేలితో తిప్పమన్నాను. పోయినదైతే గరగర చేతికి తగులుతుందని చెప్పాను. అది పుస్తకంలో ఉండదు. బాగున్నదాన్ని, పోయినదాన్ని పక్కపక్కన పెట్టి తిప్పితేనే చేతికి తెలుస్తుంది.

ఇరవై ఎనిమిది మంది ఉన్నారు, నా దగ్గర పదకొండే ఉన్నాయి, అవన్నీ కొత్తవి. అరిగిపోయిన, గుంతలు పడిన, వేడికి నీలం తిరిగిన బేరింగులు కావాలి. ఎవరి షెడ్డులోనైనా ఉంటే పాత ఇనుముకు వేయకండి. విజయవాడ చుట్టుపక్కల ఎక్కడైనా సరే, మంగళవారం గానీ గురువారం గానీ స్కూటర్ మీద నేనే వచ్చి తీసుకుంటాను.